అరువు జాబితాతో ప్రపంచ సినిమా

ఏటా జనవరిలో ఆస్కార్ నామినేషన్లు వెలువడగానే ఒక మాట మళ్లీ మళ్లీ వినబడుతుంది: ఈ సంవత్సరం ప్రపంచ సినిమాలో ఏం జరిగిందో తెలియాలంటే అంతర్జాతీయ చిత్రాల విభాగంలో నామినేట్ అయిన ఐదు సినిమాలు చూస్తే చాలు అని. ఈ నమ్మకం మీదే ఊరూరా నామినేటెడ్ చిత్రాల వరుస ప్రదర్శనలు నడుస్తున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో గోల్డెన్ గ్లోబ్ పోటీలోని విదేశీ చిత్రాలను వరసగా వేసి, వాటి దర్శకులను ఒక వేదిక మీద కూర్చోబెట్టడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. అక్కడి పద్ధతినే మిగతా నగరాల ఆర్ట్ థియేటర్లు, ఫిల్మ్ క్లబ్బులు అనుసరిస్తున్నాయి. పోస్టరు మీద మాత్రం 'నామినేటెడ్ చిత్రాలు' అని ఊరుకోరు, 'ప్రపంచ సినిమాలో ఈ ఏటి మేటి చిత్రాలు' అని వేస్తారు. నా అభ్యంతరం ఆ రెండో మాట మీద.

ముందు వాళ్ల వాదన చెబుతాను, అది తేలికగా కొట్టిపారేయదగ్గది కాదు. ప్రపంచంలో ఏటా వేల సినిమాలు తయారవుతాయి. అన్నిటినీ చూడటం ఏ ప్రేక్షకుడికీ ఏ నిర్వాహకుడికీ సాధ్యం కాదు, ఎవరో ఒకరు వడపోయాలి. ఆస్కార్ పద్ధతిలో ఆ వడపోత మూడు దశల్లో సాగుతుంది. ప్రతి దేశంలోనూ ఆ దేశపు సినిమావాళ్ల కమిటీ ఒక చిత్రాన్ని ఎంచి పంపుతుంది. అలా వచ్చిన ఎనభై తొంభై చిత్రాల్లోంచి అకాడమీ సభ్యులు మొదట పదిహేనింటిని, తర్వాత ఐదింటిని తేలుస్తారు. ఇంతమంది చూసి, ఇన్ని చర్చలు దాటి వచ్చిన ఐదు సినిమాలు ఒక ఫిల్మ్ క్లబ్ కార్యదర్శి తన అభిరుచి కొద్దీ ఎంచిన ఐదింటికంటే నమ్మదగ్గవి కావా? పైగా ఆ ముద్ర ఉంటే హాలు నిండుతుంది. సబ్‌టైటిళ్లంటే బెదిరే మనిషి కూడా ఒకసారి వచ్చి కూర్చుంటాడు, వచ్చినవాడు మళ్లీ వస్తాడు. ఇలా అనేవారి ఉద్దేశం మంచిది. సినిమా మీద వారి ప్రేమను నేను శంకించడం లేదు.

కానీ ఈ వాదన మొత్తం ఒకే ఒక ఊహ మీద నిలబడింది: ఆ మూడు దశల్లోనూ రాలిపోయేది తక్కువ రకం, మిగిలేది మేలు రకం అని. ఆ ఊహ నిజం కాదు. ఒక సినిమా ఆ దారిలో ఎందుకు ఆగిపోయిందో చూస్తే, దాని గుణగణాలతో ఏమాత్రం సంబంధం లేని కారణాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కో దశనూ విడిగా చూద్దాం.

1. ఒక దేశానికి ఒకటే

ఈ విభాగంలో క్రమమైన పోటీ 1956 నాటి చిత్రాలతో మొదలైంది, ఫెల్లీని తీసిన 'లా స్ట్రాడా' తొలి విజేత. ఆనాటి నుంచి మూలసూత్రం మారలేదు: ఒక దేశం, ఒక సినిమా. జనాభా ఏడు లక్షలు దాటని లక్సెంబర్గ్‌కు ఒకటి. ఏడాదికి వెయ్యికి పైగా సినిమాలు తీసే భారతదేశానికీ ఒకటి. తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం, బెంగాలీ, మరాఠీ, అస్సామీ, హిందీ... వీటిలో ప్రతి భాషా సినిమాకూ తన చరిత్ర, తన ప్రేక్షకులు, తన సంప్రదాయం ఉన్నాయి. ఈ భాషలు ఐరోపాలో ఉండి ఉంటే ఎనిమిది దేశాల సినిమాలుగా ఎనిమిది అవకాశాలు దక్కేవి. ఇక్కడ అన్నిటికీ కలిపి ఒకే తలుపు. ఆ తలుపు గుండా ఇన్ని దశాబ్దాల్లో దేశం తరఫున అధికారికంగా వెళ్లిన తెలుగు సినిమా ఒక్కటే, 59వ ఆస్కార్ల పోటీకి కె. విశ్వనాథ్ 'స్వాతిముత్యం'. అదీ నామినేషన్ దాకా వెళ్లలేదు. తెలుగులో ఇన్నేళ్లకు పంపదగ్గ సినిమా ఒక్కటే వచ్చిందని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? ఒప్పుకోం. అలాంటప్పుడు సెనెగల్ గురించో ఫిలిప్పీన్స్ గురించో అదే తర్కాన్ని నోరు మెదపకుండా ఎలా ఒప్పుకుంటున్నాం?

ఇది పేద దేశాల బాధ మాత్రమే అనుకోనక్కర్లేదు. ఒకే ఏడాది ఒకే దేశంలో రెండు గొప్ప సినిమాలు వస్తే ఈ నియమం ఒకదాన్ని తప్పక బలి తీసుకుంటుంది. 2019లో ఫ్రాన్స్ దగ్గర సెలీన్ సియామా 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్', లాడ్జ్ లీ 'లే మిజరాబ్ల్' రెండూ ఉన్నాయి. రెండోది వెళ్లింది, నామినేట్ అయింది. మొదటిది వెళ్లలేదు. 2023లో జరిగింది ఇంకా విడ్డూరం. కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచిన జస్టిన్ ట్రియే 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్'ను పక్కన పెట్టి ఫ్రెంచ్ కమిటీ 'ది టేస్ట్ ఆఫ్ థింగ్స్'ను పంపింది. పంపిన సినిమాకు నామినేషన్ రాలేదు. పంపనిదానికి ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వంతో సహా ఐదు నామినేషన్లు వచ్చాయి, స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ కూడా వచ్చింది. ఆ ఏడాది 'ప్రపంచపు మేటి ఐదు' అని చూపించిన హాల్లో, అకాడమీ స్వయంగా ఆ సంవత్సరపు అత్యుత్తమ చిత్రాల్లో ఒకటిగా గుర్తించిన ఫ్రెంచ్ సినిమాకు చోటు లేదు. అకాడమీ తీర్పునే ప్రమాణంగా తీసుకున్నా ఆ జాబితా తప్పుతోందన్నమాట.

2. దేశం పేరిట ఎంచేది ఎవరు

'ఆ దేశపు సినిమావాళ్లే ఎంచుతారు కదా' అనే మాటలో ఒక భరోసా ఉంది. ఆ భరోసాకు ఆధారం ఎంతో చూడాలి. మన దేశంలో ఆ పని ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాది. అది నిర్మాతల, పంపిణీదారుల, ప్రదర్శకుల సంఘాల సమాఖ్య. అది నియమించిన కమిటీ 2013లో 'ది లంచ్‌బాక్స్'ను కాదని 'ది గుడ్ రోడ్'ను పంపింది. 2022లో 'ఆర్ఆర్ఆర్'ను కాదని గుజరాతీ చిత్రం 'ఛెల్లో షో'ను పంపింది. 'ఛెల్లో షో' మంచి సినిమా, చివరి పదిహేనింటిలో నిలిచింది కూడా, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2024 సంగతి మాత్రం వివరంగా చెప్పుకోవాలి. పాయల్ కపాడియా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' ముప్పై ఏళ్ల తర్వాత కాన్ ప్రధాన పోటీకి వెళ్లిన భారతీయ చిత్రం, అక్కడ గ్రాండ్ ప్రీ గెలిచింది. మన కమిటీ 29 సినిమాలు పరిశీలించి 'లాపతా లేడీస్'ను ఎంచింది. అది పదిహేనింటిలోకి కూడా చేరలేదు. నిర్మాణంలో ఫ్రాన్స్ భాగస్వామ్యం ఉండటంతో ఆ దేశపు తుది పరిశీలనలోనూ కపాడియా సినిమా ఉంది. వాళ్లు 'ఎమీలియా పెరెజ్'ను పంపారు. ఒకే సినిమా రెండు దేశాల కమిటీల ముందుకు వెళ్లి రెండు చోట్లా ఆగిపోయింది. ఆ ఏటి నామినేటెడ్ వరుసలో ముంబయిలోని మలయాళీ నర్సుల కథ ప్రేక్షకుడికి కనబడకపోవడానికి కారణం ఇదే.

పాతకాలం ఇంతకన్నా మేలుగా ఏమీ లేదు. 1985లో కురొసావా 'రాన్' తీస్తే జపాన్ దాన్ని పంపలేదు. అకాడమీ సభ్యులే ఆయన్ను ఉత్తమ దర్శకుడి విభాగంలో నామినేట్ చేశారు. 2002లో అల్మొదోవార్ 'టాక్ టు హర్'ను స్పెయిన్ పంపలేదు. ఆ సినిమాకే ఆయన స్క్రీన్‌ప్లే ఆస్కార్ అందుకున్నాడు. సొంత దేశం కాదన్నదాన్ని పరాయి దేశం నెత్తిన పెట్టుకున్న ఉదాహరణలు ఇన్ని కనిపిస్తుంటే, తొలి దశ వడపోతను ప్రమాణం అనడం ఎలా?

ఈ కమిటీల్లో ఉన్నవాళ్లంతా అసమర్థులనో పక్షపాతులనో నేను అనను. అసలు చిక్కు వాళ్లు తమకు తాము వేసుకునే ప్రశ్నలో ఉంది. వాళ్లు వెతికేది 'మా దేశంలో ఈ ఏడాది వచ్చిన గొప్ప సినిమా ఏది' అని కాదు, 'అమెరికా వాళ్లకు ఏది నచ్చుతుంది, ఏది గెలుస్తుంది, మా దేశం గురించి ఏది చెబితే బాగుంటుంది' అని. అకాడమీ సభ్యుడు వేసుకునే ప్రశ్న వేరు: తన ముందుకు వచ్చినవాటిలో తనకు నచ్చింది ఏది? ప్రదర్శన నిర్వాహకుడు వేసుకోవలసింది ఇంకా వేరు: మా ఊరి ప్రేక్షకుడికి ఈ ఏడాది చూపించవలసింది ఏది? మొదటి రెండు ప్రశ్నల జవాబులు తెచ్చి మూడో ప్రశ్నకు జవాబుగా పెట్టడంలో ఉన్న లోపం ఇది. మధ్యలో ఎంతమంది చూశారన్న లెక్క దీన్ని సరిచేయలేదు.

ప్రభుత్వాల సంగతీ ఉంది. 1990లో జాంగ్ యీమౌ 'జు డౌ'ను పోటీ నుంచి వెనక్కి తీసుకోవాలని చైనా అధికారులు పట్టుబట్టారు, అకాడమీ వినలేదు కాబట్టి నామినేషన్ నిలిచింది. 2024లో మహమ్మద్ రసూలోఫ్‌కు ఇరాన్ కోర్టు ఎనిమిదేళ్ల జైలు వేసింది, ఆయన దేశం విడిచి పారిపోయాడు. ఆయన 'ది సీడ్ ఆఫ్ ది సేక్రెడ్ ఫిగ్'ను ఇరాన్ పంపుతుందని ఎవరూ అనుకోరు. జర్మనీ పంపింది, నామినేట్ అయింది. నిర్మాణంలో జర్మన్ భాగస్వామ్యం కుదిరిన ఒక దర్శకుడి సినిమా మనకు కనిపించింది. అలాంటి భాగస్వామి దొరకక సొంత ప్రభుత్వం చేతిలో నలిగిన దర్శకుడి సినిమా ఏ దేశం పేరు మీద వెళుతుంది? తెగువ చూపిన సినిమాకు అడ్డు పడటం ఈ పద్ధతిలో ప్రభుత్వాలకు ఎంత సులువో దీన్నిబట్టే తెలుస్తుంది.

3. డైలాగుల లెక్క, పౌరసత్వం లెక్క

దేశం పంపినా పని అయిపోదు. సగానికి పైగా సంభాషణ ఇంగ్లీషు కాని భాషలో ఉండాలి. 2019లో నైజీరియా తన చరిత్రలో మొదటిసారి ఒక సినిమా పంపింది, జెనెవీవ్ నాజీ 'లయన్‌హార్ట్'. అందులో ఇగ్బో మాటలు పదకొండు నిమిషాలే ఉన్నాయి, మిగతాదంతా ఇంగ్లీషు అని అకాడమీ తీసేసింది. ఇంగ్లీషు నైజీరియా అధికార భాష, వలసపాలన మిగిల్చి వెళ్లిన భాష. వందల భాషలున్న ఆ దేశంలో మనుషులు మాట్లాడుకునే తీరునే ఆ సినిమా చూపింది. అంతకు ముందు 1994లో కీస్లోవ్‌స్కీ 'త్రీ కలర్స్: రెడ్'ను స్విట్జర్లాండ్ పంపితే, అందులో స్విస్ భాగస్వామ్యం చాలదని తిరస్కరించారు. అదే సినిమాకు ఆ ఏడాదే ఉత్తమ దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఛాయాగ్రహణం విభాగాల్లో నామినేషన్లు ఇచ్చారు. 2005లో హానెకే 'కాషే' ఆస్ట్రియా తరఫున వెళ్లి, ఫ్రెంచ్‌లో ఉందన్న కారణంతో వెనక్కి వచ్చింది. ఆ నిబంధనను మరుసటి ఏడాదికి సడలించారు, హానెకేకు మాత్రం ఆ అవకాశం పోయింది. ఇలా పోయిన సినిమాల గురించి నామినేటెడ్ వరుస ఒక్క ముక్క చెప్పదు.

4. ఓటర్లు ఏం చూస్తారు

ఇక అకాడమీ దశ. 2007లో పామ్ డోర్ గెలిచిన క్రిస్టియన్ ముంజియు '4 మంత్స్, 3 వీక్స్ అండ్ 2 డేస్' ఆస్కార్ షార్ట్‌లిస్టులో కూడా లేదు. దాని మీద రేగిన విమర్శకు తట్టుకోలేక మరుసటి ఏడాది అకాడమీ ఎంపిక పద్ధతినే మార్చుకుంది. మార్చుకోవడం మెచ్చదగ్గదే. అయితే తప్పు జరిగిందని ఒప్పుకున్నవాళ్ల జాబితాను తప్పులేనిదిగా మనం పూజించడం ఎందుకు? బ్రెజిల్ సినిమా 'సిటీ ఆఫ్ గాడ్' కథ మరీ స్పష్టం. 2002లో బ్రెజిల్ పంపితే నామినేషన్ రాలేదు. తర్వాత అది అమెరికా థియేటర్లలో ఆడింది. ఆపై సంవత్సరం దర్శకత్వంతో సహా నాలుగు విభాగాల్లో నామినేట్ అయింది. సినిమాలో ఒక్క ఫ్రేమూ మారలేదు. మారిందల్లా ఓటర్లలో ఎంతమంది దాన్ని చూశారన్నదే.

చూడటం గురించి ఇంకో మాట. తుది దశలో ఒక విభాగంలో ఓటు వేయాలంటే అందులో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాలన్న నియమాన్ని అకాడమీ అన్ని విభాగాలకూ వర్తింపజేసింది 2025 ఏప్రిల్‌లో. ఓటర్లు చూస్తారన్న నమ్మకం ఉన్న సంస్థకు అలాంటి నియమం పెట్టవలసిన అవసరం రాదు. తుది దశలోని కొద్ది సినిమాలకే ఈ పరిస్థితి అయితే, తొలి దశలో ఎనభై పైచిలుకు సినిమాల సంగతి ఎవరికి వారే ఊహించుకోవచ్చు. చూడవలసినవి గుట్టగా పడి ఉన్నప్పుడు ఓటరు చేయి వేటి మీదకు వెళుతుంది? లాస్ ఏంజెలెస్‌లో ప్రత్యేక ప్రదర్శన పెట్టినవాటి మీదకు, విందు ఇచ్చినవాటి మీదకు, సినిమా పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వేసినవాటి మీదకు, పెద్ద స్ట్రీమింగ్ సంస్థ భుజాన వేసుకున్నవాటి మీదకు. అమెరికన్ పంపిణీదారు దొరకని సినిమాకు ఈ పోటీలో నోరే లేదు.

ఫలితం అంకెల్లో కనబడుతుంది. 95, 96, 97వ ఆస్కార్లలో ఈ విభాగపు నామినేషన్లు మొత్తం పదిహేను. జర్మనీ, బెల్జియం, పోలెండ్, ఐర్లండ్. బ్రిటన్, ఇటలీ, స్పెయిన్, మళ్లీ జర్మనీ. డెన్మార్క్, ఫ్రాన్స్, లాట్వియా, మరోసారి జర్మనీ. పదిహేనింటిలో పన్నెండు ఐరోపా దేశాలు పంపినవి. మిగిలిన మూడింటిలో అర్జెంటీనా, బ్రెజిల్ చెరొకటి. ఆసియా మొత్తానికి ఒక్కటి, జపాన్ పంపిన 'పర్ఫెక్ట్ డేస్', దాని దర్శకుడు జర్మన్ విమ్ వెండర్స్. ఆఫ్రికా నుంచి ఏ దేశమూ లేదు. ఈజిప్ట్ యూసుఫ్ షాహీన్ 'కైరో స్టేషన్' నాటి నుంచి, అంటే 1950ల చివరి నుంచి, సినిమాలు పంపుతోంది. ఇప్పటిదాకా ఈ విభాగంలో ఆ దేశానికి ఒక్క నామినేషనూ లేదు. అరబ్బు ప్రపంచానికంతటికీ సినిమాలు తీసి ఇచ్చిన దేశం అది. ఆ మూడేళ్లలో ఐరోపావాళ్లే నిజంగా మంచి సినిమాలు తీసి ఉండవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. 2022లో కాన్‌లో పార్క్ చాన్-వుక్‌కు ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చిన కొరియన్ సినిమా 'డెసిషన్ టు లీవ్' పదిహేనింటి దాకా వచ్చి అక్కడే ఆగింది. దానికంటే ఆ ఏడాది నామినేట్ అయిన ఐదూ ఏ కొలతలో మిన్నో చెప్పగలిగినవాడు ఈ ప్రశ్న అడగాలి. ఈ మూడు ఏళ్లూ వరుసగా 'ప్రపంచ సినిమా' పేరిట ఆ పదిహేనింటినీ చూపించిన హాలు, తనకు తెలియకుండానే, ప్రపంచమంటే ఐరోపా అని తన ప్రేక్షకులకు నేర్పింది.

5. ఒకే ఏడాది, రెండు జాబితాలు

వడపోత నిజంగా నాణ్యతదే అయితే, రెండు సంస్థలు అదే ఏటి సినిమాలను వడపోసినప్పుడు ఇంచుమించు అవే మిగలాలి. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ పోటీలో ఐదు ఉన్నాయి: 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్', 'అర్జెంటీనా, 1985', 'క్లోజ్', 'డెసిషన్ టు లీవ్', 'ఆర్ఆర్ఆర్'. ఆస్కార్ ఐదింటిలో మొదటి మూడే ఉన్నాయి. మిగతా రెండూ పోయి పోలెండ్ 'ఈఓ', ఐర్లండ్ 'ది క్వైట్ గర్ల్' వచ్చాయి. 'ఆర్ఆర్ఆర్' విషయంలో కారణం సూటిగా ఉంది: గ్లోబ్‌లో దేశం పంపాలన్న నియమం లేదు. అందుకే అది ఒక జాబితాలో ఉంది, రెండో జాబితాలో లేదు. రెండేళ్ల తర్వాత 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' విషయంలోనూ అచ్చంగా ఇదే జరిగింది, గ్లోబ్‌లో నామినేషన్, ఆస్కార్‌లో శూన్యం. గ్లోబ్ జాబితాతో వరుస నడిపిన ఊళ్లో తెలుగు సినిమా ప్రపంచ సినిమా, ఆస్కార్ జాబితాతో నడిపిన పక్క ఊళ్లో కాదు. ఇలాంటి నిర్ణయాన్ని ప్రేక్షకుడికి ఏమని సమర్థించి చెబుతారు? పోనీ గ్లోబ్‌ను నమ్ముదామంటే, ఆ బహుమతులు ఇచ్చిన సంఘం సభ్యులు 87 మందిలో ఒక్క నల్లజాతి మనిషీ లేడని 2021లో బయటపడింది, 2023లో ఆ సంఘమే రద్దయింది. (మన సినిమా గురించే ఒక ముక్క: నెట్‌ఫ్లిక్స్‌లో 'ఆర్ఆర్ఆర్' చూసిన అమెరికన్ ప్రేక్షకులు దాన్ని హిందీలో చూశారు. భాషల వైవిధ్యాన్ని గౌరవించడానికే పుట్టామని చెప్పుకునే ప్రదర్శనలైనా ఈ నష్టం పూడ్చాలి.)

6. 'ముద్ర లేకపోతే హాలు నిండదు'

ఇది నిర్వాహకులు చివరికి చేరే మాట, అన్నిటికంటే బలమైనది కూడా. నిజమే, అద్దె కట్టాలి, ప్రొజెక్షన్ ఖర్చు ఉంది, హక్కుల సొమ్ము చెల్లించాలి. కానీ చరిత్ర ఈ భయాన్ని బలపరచడం లేదు. 'పథేర్ పాంచాలి'కి ఆస్కార్ నామినేషన్ ఎన్నడూ రాలేదు. దాని తొలి ప్రదర్శన 1955లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో జరిగింది, ఎందుకంటే ఆ మ్యూజియం మనిషి ఒకరు కలకత్తా వచ్చినప్పుడు ఆ సినిమా స్టిల్స్ చూసి ఇది మాకు కావాలన్నారు. 1958లో న్యూయార్క్‌లోనే ఒక చిన్న హాల్లో విడుదలై నెలల తరబడి ఆడింది. 'రషోమాన్' వెనిస్ చలనచిత్రోత్సవానికి వెళ్లడానికి జపాన్ సంస్థల ఉత్సాహం కారణం కాదు. టోక్యోలో ఉన్న ఇటాలియన్ అధ్యాపకురాలు జూలియానా స్ట్రామిజోలి దాన్ని చూసి, ఇదే పంపాలని పట్టుబట్టింది. 1952లో మన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 'బైసికిల్ థీవ్స్', 'రషోమాన్'లను తెచ్చి బొంబాయి, మద్రాసు, ఢిల్లీ, కలకత్తాల్లో చూపింది. ఆ తెరల ముందు కూర్చున్న తరం సినిమా తీసే పద్ధతినే మార్చింది. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తాలు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టింది ఎవరో ఇచ్చిన జాబితాను అమలు చేయడానికి కాదు.

ఆస్కార్ గెలిచిన 'పారసైట్'ను చూపి ఆ బహుమతి వల్లే కదా కొరియన్ సినిమా ఇంటింటికీ చేరిందనేవాళ్లకు ఒక జవాబు ఉంది. బాంగ్ జూన్-హో, పార్క్ చాన్-వుక్, లీ చాంగ్-డాంగ్‌లను 2000ల మొదటి నుంచీ చలనచిత్రోత్సవాలూ ఫిల్మ్ క్లబ్బులూ చూపిస్తూ వచ్చాయి. 2019 దాకా కొరియాకు ఈ విభాగంలో ఒక్క నామినేషనూ లేదు. అంటే ఇరవై ఏళ్ల పాటు ఆస్కార్ జాబితానే నమ్ముకున్న హాల్లో కొరియన్ సినిమా అనేదే లేదు. గెలుపును తెచ్చిన పునాది జాబితాల బయట పడింది. ఈ రోజు అలాంటి పునాది ఏ దేశపు సినిమాకు పడుతోందో నామినేటెడ్ వరుస మనకు చెప్పదు, అది పడ్డాక ఇరవై ఏళ్లకు చెబుతుంది.

ఇంకొక అభ్యంతరం: అయితే ఒక మనిషి అభిరుచినా నమ్మాలి? వడపోత లేకుండా కుదరదన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒక మనిషి ఎంచినప్పుడు ఆ మనిషిని నిలదీయవచ్చు. 'ఇది ఎందుకు పెట్టావు, ఆఫ్రికా నుంచి ఒక్కటీ ఎందుకు లేదు' అని ప్రదర్శన అయ్యాక నిలబెట్టి అడగవచ్చు. జవాబు నచ్చకపోతే వచ్చే ఏడాది కార్యక్రమాన్ని మార్పించవచ్చు. వేల మంది రహస్య ఓటుతో తేలిన జాబితాను ఎవరు ఎవరిని అడుగుతారు? నిర్వాహకుడు 'అది నా ఎంపిక కాదు, ఆస్కార్‌ది' అంటాడు, అక్కడితో చర్చ ముగుస్తుంది. ఫిల్మ్ క్లబ్ అనేది ఉన్నదే ఆ చర్చ కోసం.

వీటన్నిటికీ మించి ఇప్పుడు కొత్తగా వచ్చిన పరిస్థితి ఒకటుంది. 'ఆల్ క్వైట్', 'సొసైటీ ఆఫ్ ది స్నో' నెట్‌ఫ్లిక్స్‌లో, 'అర్జెంటీనా, 1985' ప్రైమ్‌లో నామినేషన్ నాటికే ఉన్నాయి. నామినేషన్ దక్కిన సినిమాకు పంపిణీదారు వస్తాడు, స్ట్రీమింగ్ సంస్థ వస్తుంది, సమీక్షలు వస్తాయి. దానికి ఫిల్మ్ క్లబ్ సాయం అంతగా అక్కర్లేదు. ఆ ఆసరా పూర్తిగా లేనిది రాలిపోయిన సినిమాకే. ఉన్నవాటికే మళ్లీ తెర ఇవ్వడం వల్ల, ఏ హాలైతే ఆ సినిమాను ప్రేక్షకుడి దగ్గరకు చేర్చగల ఏకైక చోటో ఆ హాలు కూడా దానికి మూతబడుతోంది. నామినేటెడ్ చిత్రాలు చెడ్డవని నేను అనడం లేదు, వాటిలో చాలా గొప్పవి ఉన్నాయి. వాటిని పెద్ద తెర మీద చూడటం వేరే అనుభవమన్నదీ నిజమే. కానీ ఒక క్లబ్బుకు ఏడాదిలో దొరికే కొద్ది సాయంత్రాలను, ఇంట్లో మీట నొక్కితే దొరికే సినిమాలకే ఇవ్వడం ఆ క్లబ్ తన పని మానుకోవడమే.

7. చేయవలసింది

నామినేటెడ్ చిత్రాల వరుస పెట్టదలచినవారు ఆ పేరుతోనే పెట్టాలి, 'ప్రపంచ సినిమాలో మేటి' అన్న మాట తీసేయాలి. చూపించే ప్రతి నామినేటెడ్ చిత్రం పక్కన, అదే ఏడాది ఏదో ఒక గేటు దగ్గర ఆగిపోయిన చిత్రాన్ని జతగా వేయాలి: 'ది టీచర్స్ లౌంజ్' పక్కన 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్', 'ది గర్ల్ విత్ ది నీడిల్' పక్కన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్', 'క్లోజ్' పక్కన తెలుగు ఆడియోతో 'ఆర్ఆర్ఆర్'. ఏ గేటు దగ్గర ఎందుకు ఆగిందో కరపత్రంలో నాలుగు వాక్యాలు రాయాలి. ఏడాదికి ఒక వరుస పూర్తిగా జాబితాల బయటి నుంచి రావాలి. దానికి సామగ్రి లేదనడానికి వీల్లేదు: మార్టిన్ స్కోర్సేసీ 2007లో మొదలుపెట్టిన వరల్డ్ సినిమా ప్రాజెక్ట్ సెనెగల్ చిత్రం 'టుకీ బుకీ' లాంటివాటిని బాగుచేసి ప్రదర్శనకు సిద్ధం చేసింది. మన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పునరుద్ధరించిన మలయాళ చిత్రం 'తంపు', మణిపురీ చిత్రం 'ఇషానౌ' కాన్‌లో ఆడాయి. అస్సాం సినిమాకూ, మణిపూర్ సినిమాకూ హైదరాబాద్‌లో తెర దొరకకపోతే, బుర్కినా ఫాసో సినిమా దొరకలేదని బాధపడే అర్హత మనకు లేదు. ఆఖరుగా, కార్యక్రమ పత్రం మీద ఎంపిక చేసినవారి పేర్లు అచ్చు వేయాలి. ఆస్కార్ నామినేషన్ అన్నది ఆ పేర్ల కింద ఒక సమాచారంగా ఉండవచ్చు. పేర్ల స్థానంలో ఉండటానికి వీల్లేదు.